ఎదుగు పిల్లల బరువును కొలుచుట ఎట్లు?

పిల్లవాడు ఒళ్ళు చేసినాడో, చిక్కినాడో తెలిసికొనుటకు మన తల్లులకు తూనిక యంత్రముతో పని లేకుండెను. మొలత్రాడు చాలెడిది. అది బిగిసినచో ఒళ్ళు చేసినట్లు, జారినచో చిక్కినట్లు. సంక్రాంతికి కుట్టించిన చొక్కా ఉగాది నాటికే పట్టకపోయినచో తల్లి మనసులో మురిసికొని, పైకి ఒక్క మాటయైనను అనక, ఆ సాయంకాలమే ఉప్పును ఎండుమిరపకాయలను దిగదుడిచి పొయ్యిలో వేసెడిది. కరవులను, గంజినీళ్ళతో గడపిన దినములను ఎరిగిన కుటుంబములలో బొద్దుతనము భాగ్యమునకు గుర్తుగా తోచుటలో వింత లేదు. నేటికిని మన ప్రాంతమున బిడ్డను తూచుదమన్నచో, "మా గుంటడికి తూకం ఎయ్యకండి బాబూ, దిష్టి తగిలేస్తాది" అను అవ్వలు ఉన్నారు.

అయితే మొలత్రాడు చెప్పలేని సంగతులు కొన్ని కలవు. పది మొదలు పందొమ్మిది సంవత్సరముల వరకు గల కౌమార దశలో శరీరము ఏటికొక తీరున పెరుగును. ఆ పెరుగుదలలో ఏది సహజమైన పుష్టియో, ఏది అవసరమునకు మించిన కొవ్వో, ఏది పైకి కానరాని కృశత్వమో కంటితో చూచి చెప్పుట వైద్యులకే కష్టము. ఇరుగుపొరుగువారికిని, తోటి విద్యార్థులకును మాత్రము ఇది బహు సులభముగా తోచును! ఆ తొందరపాటు తీర్పు ఎంత దూరము పోవునో నేను ఒకసారి కన్నులార చూచితిని.

కొంతకాలము క్రిందట శ్రీకాకుళమునకు సమీపముననున్న ఒక ఉన్నత పాఠశాలకు బాలల కార్యక్రమమును ధ్వనిముద్రణ చేయుటకై వెళ్ళియుంటిని. ఆనాడే అక్కడ ఆరోగ్య పరీక్ష జరుగుచుండెను. వసారాలో తూనిక యంత్రము, దాని ప్రక్కనే గోడకు అంటించిన ఎత్తు కొలబద్ద. బాలురొక వరుస, బాలికలొక వరుస. ఒక ఉపాధ్యాయుడు అంకెను బిగ్గరగా చదువుచుండగా, బల్లయొద్ద కూర్చున్న మరియొకరు పుస్తకములో వ్రాసికొనుచుండిరి. తరగతిలో అందరికంటె పొడవైన బాలిక ఒకతె యంత్రమెక్కినది. "యాభై ఒకటి!" అని కేక వినిపించినది. బాలుర వరుసలో ఎవరో ఏదో అన్నారు; నవ్వులు లేచినవి. ఆ బాలిక ఎత్తు కొలిపించుకొని, తలవంచుకొని వెళ్ళిపోయినది. మా కార్యక్రమమున ఒక పాటలో రెండవ చరణము పాడవలసినది ఆమెయే. ఎంత పిలిచినను ఆనాడు ఆమె మైక్రోఫోను ముందుకు రాలేదు.

తరువాత ప్రధానోపాధ్యాయుని అనుమతితో ఆ పుస్తకమును చూచితిని. అందులో ముగ్గురి లెక్క నన్ను ఆకర్షించినది. ముగ్గురును అప్పుడే పదమూడేండ్లు నిండినవారు. మొదటిది ఆ పొడవు బాలిక: ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 51 కిలోలు. రెండవది, "సన్నజాజి తీగవలె ఉన్నది" అని అందరును మెచ్చుకొను మరియొక బాలిక: ఎత్తు 146, బరువు 31. మూడవవాడు ఎవరును పట్టించుకొనని ఒక బాలుడు: ఎత్తు 142, బరువు 44. బరువు ఒక్కటే చూచినచో నవ్వులపాలైన బాలికయే ఈ ముగ్గురిలో మొదటి స్థానమున నిలుచును. ఆ తీర్పు సరియైనదా?

ఇందుకు సమాధానము మన పొందూరు నేతగాండ్రు చెప్పగలరు. నూలు సన్నమో, ముతకయో తెలిసికొనుటకు వారు కేవలము చిలపను తూచి ఊరకుండరు. ఒక నిర్ణీతమైన బరువులో ఎంత పొడవు నూలు కలదో చూచి, దానిని బట్టి నంబరు నిర్ణయింతురు. పొడవు హెచ్చిన కొలది నంబరు హెచ్చును, నూలు సన్నమగును. నూరవ నంబరు నూలనగా అదియే. బరువు ఒక్కటి ఏమియు చెప్పదు; పొడవుతో జత చేసినప్పుడే దానికి అర్థము కలుగును. మనిషి దేహమునకును ఇదే న్యాయము వర్తించును.

ఎత్తును బరువును జతచేయు సూత్రమును తొలుత కనుగొన్నవాడు వైద్యుడు కాడు. బెల్జియము దేశమునకు చెందిన అడాల్ఫ్ కెట్లే అను ఖగోళ శాస్త్రజ్ఞుడు. నక్షత్రములను లెక్కించు గణితముతోనే మనుష్యులను గూడ లెక్కింపవలెనని ఆయనకు కుతూహలము. పెరుగుదల పూర్తియైన మనుష్యులలో బరువు ఇంచుమించుగా ఎత్తుయొక్క వర్గమును అనుసరించి యుండునని ఆయన 1835లో వెలువడిన తన గ్రంథమున చెప్పినాడు. దాదాపు నూట నలుబది సంవత్సరముల తరువాత, 1972లో, అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ ఆ సూత్రమును పరీక్షించి, దానికి "బాడీ మాస్ ఇండెక్స్" అని పేరు పెట్టినాడు. దానినే మన వైద్యులు బీ.ఎం.ఐ. అనుచున్నారు, తెలుగులో శరీర ద్రవ్యరాశి సూచిక అని వ్యవహారము. మనము సూచిక అని మాత్రము అనుకొందము.

లెక్క కష్టమైనది కాదు. ఎత్తును మీటర్లలో తీసికొని, దానిని దానితోనే గుణింపవలెను. వచ్చిన అంకెతో కిలోలలోనున్న బరువును భాగింపవలెను. మన పొడవు బాలిక ఎత్తు 1.58 మీటర్లు. దానిని దానితో గుణించిన 2.496. యాభై ఒకటిని దానితో భాగించిన 20.4 వచ్చును. అదియే ఆమె సూచిక. ఇదే విధముగా లెక్కించినచో సన్నని బాలికకు 14.5, బాలునికి 21.8 వచ్చును. బరువులో ఏడు కిలోలు తక్కువైన బాలుడు సూచికలో ఆమెను మించిపోయినాడు!

ఇక్కడ చాలమంది ఒక పొరపాటు చేయుచున్నారు. పెద్దలకు ఈ సూచిక 25 దాటినచో అధిక బరువనియు, 30 దాటినచో స్థూలకాయమనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు. భారతీయులకు ఈ హద్దులు చాలవని, పెద్దలకు 23, 25 అంకెలనే పాటింపవలెనని మన దేశ నిపుణులు 2009లో సూచించినారు. ఇంటిలో తండ్రికి వైద్యుడు చెప్పిన ఈ అంకెలను గుర్తుంచుకొని, వానితోనే పదమూడేండ్ల కుమారుని కొలిచి, "ఇరువది రెండు లోపే గదా, భయము లేదు" అని నిశ్చింతగా నుండువారు కలరు. అది పెద్దవాని చెప్పులలో పిల్లవాని కాలు పెట్టి, సరిపోయినవనుట వంటిది.

కారణమేమనగా, పిల్లలలో ఈ సూచిక ఒక చోట నిలువదు. పుట్టిన మొదటి ఏడు పెరిగి, తరువాత తగ్గి, అయిదారేండ్ల ప్రాయమున మరల పైకి తిరుగును. అక్కడనుండి యౌవనము వరకు పెరుగుచునే యుండును. బాలికలకు ఇంచుమించు పండ్రెండవ ఏట, బాలురకు పదునాల్గవ ఏట ఎత్తు వేగముగా పెరుగును. బాలికలకు ఈ దశలో తుంటిభాగమునను తొడలయందును కొంత కొవ్వు చేరుట ప్రకృతి ధర్మము. అది జబ్బు కాదు. బాలురకు కండ హెచ్చును. కొందరు పిల్లలు ముందు అడ్డముగాను, ఏడాది తిరుగకుండ నిలువుగాను పెరుగుదురు. మన ఇండ్లలో పెద్దవారు "వాడు ఇంకా పొడుగు లాగుతాడులే" అనునది పూర్తిగా వట్టి మాట కాదు. అయితే ప్రతివాని విషయమునను నిజమగు మాటయు కాదు. చిత్రమేమనగా, పెరుగు పిల్లలలో తన వర్గ సూత్రము సరిగా అతుకదని కెట్లేయే గుర్తించినాడు. వారిలో బరువు ఎత్తుయొక్క వర్గముకంటె కొంత హెచ్చు వేగముతో పెరుగునని ఆయన వ్రాసినాడు. ఆ హెచ్చరికను తరువాతివారు తరచుగా మరచిరి.

కనుక పిల్లల సూచికను వయస్సును బట్టియు, బాలుడా బాలికయా అను భేదమును బట్టియు ఒక పట్టికతో సరిచూడవలెను. అయిదు మొదలు పందొమ్మిది ఏండ్ల వరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో అట్టి పట్టికను ప్రకటించినది. దాని ప్రకారము పదేండ్ల బాలునికి అధిక బరువు హద్దు 18.5, బాలికకు 19. పదమూడేండ్లకు బాలునికి 20.8, బాలికకు 21.8. పదునైదేండ్లకు బాలునికి 22.7, బాలికకు 23.5. స్థూలకాయమునకు వేరు హద్దు కలదు: పదమూడేండ్ల బాలునికి 24.8, బాలికకు 26.2. క్రిందివైపు గూడ ఒక గీత కలదు. పదమూడేండ్ల వయస్సున సూచిక 14.9 కంటె తక్కువైనచో బాలునికైనను, బాలికకైనను కృశత్వమని లెక్క.

ఇప్పుడు మన ముగ్గురిని చూడుడు. నవ్వులపాలైన బాలిక సూచిక 20.4, హద్దు 21.8. ఆమెకు ఏ లోపమును లేదు. ఆమె వయస్సునకు మించి పొడవైనది, అంతే. సన్నజాజి తీగ అనిపించుకొన్న బాలికకు 14.5, ఆమె కృశత్వపు గీతకు దిగువన ఉన్నది. వైద్యుని అవసరము ఆమెకు కలదు. ఎవరి కంటికిని ఆనని బాలుడు 21.8తో అధిక బరువువారిలో చేరినాడు. వసారాలో ఆనాడు వెలువడిన తీర్పులు మూడును తలక్రిందులు!

ఇంతతో చిక్కు విడిపోయినదని అనుకొనరాదు. పట్టికలు ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక అమెరికా పిల్లల పూర్వపు కొలతలమీద నిలిచినది. బ్రెజిల్, బ్రిటన్, హాంగ్‌కాంగ్, నెదర్లాండ్స్, సింగపూర్, అమెరికా అను ఆరు చోట్ల పిల్లల కొలతలను కలిపి, పదునెనిమిదవ ఏట 25ను 30ను తాకునట్లు గీతలు గీచి, 2000లో మరియొక అంతర్జాతీయ పట్టికను టిమ్ కోల్ మొదలగువారు రచించినారు. దాని ప్రకారము పదమూడేండ్ల బాలునికి హద్దు 21.9. మన బాలుని సూచిక 21.8. ఒక పట్టికలో అధిక బరువు, మరియొక పట్టికలో వెండ్రుక వాసిలో తప్పించుకొన్నాడు! పిల్లవాడు మారలేదు, కాగితము మారినది. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అను మన శిశువైద్యుల సంస్థ 2015లో భారతీయ బాలబాలికల కొరకు వేరుగా పట్టికలను ప్రకటించినది. అందులో పెద్దల 23ను, 27ను తాకు గీతలను హద్దులుగా తీసికొన్నారు. వాని ప్రకారము ఈ బాలుడు నిస్సందేహముగా హద్దు దాటినవాడే. అందుచేత ఎవరైనను ఫలానా చోట నూటికి ఇంతమంది పిల్లలు లావుగా ఉన్నారని చెప్పినప్పుడు, ఏ పట్టికతో కొలిచినారని అడుగుట మంచిది.

మన దేశమునకు వేరు హద్దు ఎందులకని కొందరు ప్రశ్నింపవచ్చును. దీనికి ఒక సరదాయైన నిదర్శనము కలదు. పూనా నగరమున మధుమేహమును గూర్చి పరిశోధించు డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండనులోని ఆయన మిత్రుడు డాక్టరు జాన్ యుడ్కిన్ తమ ఛాయాచిత్రమునే 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించినారు. ఇద్దరి సూచికయు సరిగా 22.3. కాని శరీరములోని కొవ్వును కొలువగా యుడ్కిన్‌కు నూటికి 9.1 పాళ్ళు, యాజ్ఞిక్‌కు 21.2 పాళ్ళు! చూపునకు సన్నగనున్న భారతీయుని దేహములో కొవ్వు, ముఖ్యముగా పొట్టచుట్టును, దాగియుండునని దీని భావము. సన్నని చేతులు కాళ్ళు, ముందుకు వచ్చిన పొట్ట: ఇట్టి పిల్లలను మన వీథులలో చూడనివారెవరు?

ఈ దాగిన కొవ్వును పట్టుటకు నడుము కొలత తోడ్పడును. టేపు అక్కరలేదు, ఒక దారము చాలును. బిడ్డ ఎత్తునకు సరిపోవునంత దారమును త్రుంచి, దానిని సగమునకు మడిచి, ఆ సగముతో నడుమును చుట్టవలెను. కొసలు కలిసినచో మంచిది. కలియక ఎడమున్నచో నడుము ఎత్తులో సగమును మించినదన్నమాట. వైద్యునితో మాటలాడుట మేలు. అయితే మొలత్రాడు నిలుచు చోట కొలువరాదు. అది తుంటిమీదికి జారియుండును. అడుగు ప్రక్కటెముకకును తుంటియెముక పై అంచునకును నడిమి భాగమున, బిడ్డ ఊపిరి మామూలుగా విడిచిన పిమ్మట, బిగింపక కొలువవలెను. పిల్లలు ఆ సమయమున పొట్టను లోనికి లాగుకొందురు. నవ్వించినచో వదలివేయుదురు.

సూచిక చేయు మరియొక పొరపాటును మన జిల్లాలవారు ఇతరులకంటె బాగుగ గ్రహింపగలరు. తూనిక యంత్రము కొవ్వును, కండను వేరు చేయలేదు. నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన వీరఘట్టమున 1882లో జన్మించిన కోడి రామమూర్తి నాయుడుగారిని లోకము కలియుగ భీముడని కొనియాడినది. ఆయన వంటి మల్లయోధుని ఈ సూత్రముతో తూచినచో ఏమగును? కాగితము ఆయనను స్థూలకాయులలో చేర్చి చక్కగా హితబోధ చేసియుండెడిది! ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల తరగతిలో 240 కిలోలెత్తి కాంస్య పతకమును గెలిచినది. ఆ తరగతిలో నిండు బరువు కలిగి, అయిదడుగుల నాలుగంగుళాల ఎత్తున్న ఏ క్రీడాకారిణికైనను సూచిక 26 వచ్చును. విజయనగరము సమీపమున కొండవెలగాడ గ్రామమున నేటికిని బాలబాలికలు బరువులెత్తుట అభ్యసించుచున్నారు. అట్టి బిడ్డను పట్టికలో చూచి "అధిక బరువు" అని వ్రాయుటకు ముందు భుజములను, నడుమును గూడ చూడవలెను. వైద్యులు సందేహము కలిగినప్పుడు దండవెనుక చర్మపు మడతను ఒక పట్టుకారుతో పట్టి దళసరిని కొలుతురు. పెద్ద ఆసుపత్రులలో ఎక్స్‌రే కిరణములతో కొవ్వును, కండను, ఎముకను వేరువేరుగా లెక్కించు యంత్రములు గూడ కలవు. 2025లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘము కూడ సూచిక ఒక్కటే ఆధారముగా ఏ వ్యక్తికిని స్థూలకాయమని నిర్ణయింపరాదని, నడుము కొలత వంటి మరియొక కొలతతో దానిని ధ్రువపరచవలెనని అభిప్రాయపడినది.

ఇట్లు చెప్పుట చేత సూచిక నిరుపయోగమని భావింపరాదు. బండలెత్తు బాలురు ఊరికి పదిమంది ఉందురేమో. తక్కిన పిల్లలందరికిని అది మంచి తొలి జల్లెడ. అయితే జల్లెడ కన్నములు సరిగా ఉండవలెను, అనగా కొలుచుటలో శ్రద్ధ కావలెను. నేను చూచిన పెక్కు చోట్ల అసలు దోషము పట్టికలలో లేదు, కొలుచుటలో ఉన్నది. ఎత్తును కొలుచునప్పుడు చెప్పులు విడువవలెను. మడమలు, పిరుదులు, వీపు, తల వెనుక భాగము గోడకు తగులునట్లు నిలువవలెను. చూపు ఎదుటికి, సరియైన మట్టమున ఉండవలెను, గడ్డము పైకెత్తరాదు. బాలికలకు నడినెత్తిన ముడియున్నచో విప్పవలెను. ఒక మందపాటి పుస్తకమును గోడకు ఆనించి, తలమీద గట్టిగా మోపి, దాని అడుగున పెన్సిలుతో గీత గీయవలెను. ఆ గీతను నేలనుండి కొలువవలెను. మన బాలుని ఎత్తు పొరపాటున 142కు బదులు 144 అని వ్రాసినచో సూచిక 21.8 నుండి 21.2కు దిగిపోవును. రెండు సెంటీమీటర్ల చెప్పుల మడమ అంత పని చేయును.

బరువును పలుచని దుస్తులతో, జేబులు ఖాళీ చేసి చూడవలెను. సాధ్యమైనంతవరకు ఒకే యంత్రముమీద, దినములో ఒకే వేళకు చూచుట మంచిది. యంత్రము కదలని గచ్చుమీద ఉండవలెను. ఎక్కుటకు ముందు సున్న చూపుచున్నదో లేదో చూడవలెను. బెల్లపు బుట్టలను తూచు కాటామీద పిల్లలను నిలుపు వినోదము మాత్రము వలదు. ఇక వయస్సు సంగతి. ఇది చిన్న విషయముగా తోచును గాని పట్టికలు నెలలతో సహా వయస్సును అడుగును. బడిలో చేర్చునప్పుడు అనుకూలముగానుండునని జూన్ నెలలో పుట్టినట్లు వ్రాయించు అలవాటు మనలో చిరకాలముగా ఉన్నది. బడి పుస్తకములోని తేదీని గాక, తల్లికి తెలిసిన తేదీని తీసికొనవలెను.

ఒక్క కొలతకంటె కొలతల వరుస విలువైనది. ఆరు నెలలకొకసారి కొలిచి, వైద్యుడిచ్చు పెరుగుదల పటములో చుక్కలు పెట్టి కలిపినచో, ఆ గీత పటములోని గీతలతో సమముగా సాగుచున్నదా, వానిని దాటి ఎగబ్రాకుచున్నదా, క్రిందికి జారుచున్నదా అనునది తెలియును. హద్దుకు లోపలనున్నను గబగబ ఎగబ్రాకు గీతకు వెంటనే శ్రద్ధ చూపవలెను. ప్రతి దినము తూచుకొనుట వలన మాత్రము ఏ ప్రయోజనమును లేదు. అది పిల్లలకు మనోవ్యాధియై కూర్చుండును.

ఇది పట్టణములలోని ధనికుల చింత గదా, శ్రీకాకుళము పల్లెలలో దీనితో పని ఏమి అనువారు కలరు. 2016 మొదలు 2018 వరకు భారతదేశమంతట జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, కౌమార వయస్కులు నూటికి 24 మంది కృశించినవారుగాను, 5 మంది అధిక బరువు లేక స్థూలకాయము కలవారుగాను తేలినారు. అంకెలు చూచినచో కృశత్వమే మన పెద్ద బాధ. అయితే ఆ సర్వేయే కౌమార వయస్కులలో పదింట ఒకరి రక్తములో చక్కెర మధుమేహపు గడపను చేరుచున్నదని గూడ చెప్పినది. ఆంధ్రప్రదేశములో 2019–20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 36 మందికి పైగా అధిక బరువు కలవారు. ఆ తల్లుల ఇండ్లలోనే ఈ పిల్లలు భోజనము చేయుచున్నారు. ప్రపంచమంతట అయిదు మొదలు పందొమ్మిది ఏండ్లలోపు స్థూలకాయులైన పిల్లలు 1975లో ఒక కోటి పది లక్షలు కాగా 2016 నాటికి పండ్రెండు కోట్ల నలుబది లక్షలైరి. చోడి అంబలి త్రాగి పొలమునకు పోయిన తాతల మనుమలు నేడు బస్సులో బడికి పోయి, దారిలో శీతల పానీయమును, చిప్సు పొట్లమును కొనుచున్నారు. నరసన్నపేటలోనైనను, టెక్కలిలోనైనను బడి గేటు ముందరి దుకాణమున వ్రేలాడు పొట్లముల దండలు చూచినవారికి సర్వేలతో పని లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ నగరమున పండ్రెండు మొదలు పదునేడేండ్ల పిల్లలను పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితములు మన గృహములకు ఉపయోగపడునవి. మొత్తము మీద నూటికి ఏడుగురు అధిక బరువు కలవారు. దినమునకు మూడు గంటలు, అంతకు మించి టెలివిజన్ చూచువారిలో నూటికి పదిమంది. వారమునకు ఆరు గంటలకు తక్కువ గాకుండ ఆరుబయట ఆటలాడువారిలో ముగ్గురే. ఇంటి పనులలో పాలుపంచుకొను పిల్లలలో గూడ తక్కువయే. రేడియో వినుచు పని చేసికొనవచ్చునని నేను చెప్పినచో స్వపక్షము వహించినట్లగును, కనుక ఊరకుందును.

బరువు యంత్రము పట్టలేని సంగతికి మరియొక ఉదాహరణ మన తెలుగు పల్లెలలోనే కలదు. 1987 మొదలు 1990 వరకు హైదరాబాదు సమీపమునగల 29 గ్రామములలో ఒక ప్రయోగము జరిగినది. కొన్ని గ్రామములలో గర్భిణులకును, ఆరేండ్ల లోపు పిల్లలకును మొక్కజొన్న, సోయాల మిశ్రమపు పిండితో ఉప్మా వండి పెట్టినారు. తక్కిన గ్రామములలో ఆ యేర్పాటు అప్పటికి లేదు. ఆ పిల్లలు పదమూడు మొదలు పదునెనిమిది ఏండ్ల వయస్కులైన పిమ్మట వారిని మరల వెదకి కొలిచినారు. ఉప్మా తిన్న గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు. కొవ్వు పాళ్ళలో రెండు వర్గములకును భేదము కానరాలేదు. కాని రక్తపరీక్షలలో, మధుమేహమునకు దారితీయు లక్షణము తిన్నవారిలో తక్కువ. రక్తనాళముల బిరుసుతనమును తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితములను ప్రచురించినది. బాల్యమునందలి పోషణ కౌమారములో బయటపడు తీరిది. సన్నని బాలికకు పాలు, గ్రుడ్లు, పప్పులు సమకూర్చుటయు, లావైన బాలుని పరుగెత్తించుటయు వేరు వేరు పనులు కావు; రెండును ఒకే వైద్యశాస్త్రమునకు సంబంధించినవి.

హద్దు దాటిన బిడ్డను ఏమి చేయవలెను? పస్తుంచుట మాత్రము కూడదు. ఎత్తు పెరుగుచున్న వయస్సున చాలమందికి బరువు తగ్గింపనక్కరలేదు. ఉన్న బరువును నిలిపినచో ఎత్తు వచ్చి సూచికను తానే దింపును. మన బాలుడు 44 కిలోలయొద్దనే నిలిచి, 142 నుండి 150 సెంటీమీటర్లకు పెరిగినచో సూచిక 19.6 అగును. అయితే మెడచుట్టును నల్లని చర్మము, అతిగా దప్పిక, నిద్రలో గురక, లేక తలిదండ్రులలో మధుమేహము ఉన్నచో ఎత్తుకొరకు ఎదురుచూడక వైద్యునికి చూపవలెను. లావైన బిడ్డయందు ఎత్తు పెరుగుట ఆగినట్లు తోచినను అంతే. థైరాయిడ్ గ్రంథి మొదలగువాని లోపము కావచ్చును.

ఆ పాఠశాలకు నేను మరల వెళ్ళునప్పటికి తూనిక యంత్రము వసారానుండి విజ్ఞానశాస్త్రపు గదిలోనికి చేరియుండెను. ఒక్కొక్కరినే లోనికి పిలిచి, అంకెను పైకి చదువక వ్రాసికొనుచుండిరి. హద్దు దాటినవారి ఇండ్లకును, గీతకు దిగువనున్నవారి ఇండ్లకును మూసిన కవరులో ఉత్తరము పంపుచున్నామని ప్రధానోపాధ్యాయుడు చెప్పినాడు. పొడవు బాలిక అప్పటికి పై తరగతికి పోయియుండెను. మా పాట మాత్రము రెండవ చరణమునకు వేరొక బాలిక గొంతుతోనే ప్రసారమైయుండెను.